అవసరానికి తగిన సలహాదారుడు: కాపరి బాధ్యత

"బ్రతకాలని లేదయ్యగారూ" అని ఒక విశ్వాసి చెప్పినప్పుడు, ప్రార్థన చేసి పంపివేస్తే సరిపోతుందా? ఏలీయా బదరీవృక్షం క్రింద మరణాన్ని కోరుకున్నప్పుడు (1 రాజులు 19) దేవుడు అతనిని గద్దించలేదు. నిద్రపోనిచ్చి, దూతచేత ఆహారం పెట్టించాడు. ప్రశ్న అడిగింది ఆ తరువాతనే. అవసరాన్ని బట్టి సహాయం చేయడం ఇక్కడ మనం నేర్చుకొనే క్రమం.

కాబట్టి ఎవరిని ఎవరి యొద్దకు పంపాలో కాపరికి తెలిసి ఉండాలి. పాపపు ఒప్పుకోలు, విశ్వాసంలో సందేహం, ఆప్తులు మరణించిన దుఃఖం మొదట మనమే వినదగినవి. వారాల తరబడి వీడని దిగులుకు, భయానికి క్లినికల్ సైకాలజిస్టు తగినవారు. వారికి భారత పునరావాస మండలిలో నమోదు ఉన్నదో లేదో చూడాలి. ఇతరులకు వినబడని స్వరాలు వినబడుతున్నా, ఆత్మహత్య తలంపులున్నా ఆలస్యం చేయక సైకియాట్రిస్టు యొద్దకు తీసుకొనివెళ్లాలి. ఆ లోగా 2022లో ఆరంభమైన టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ వ్యక్తిని మాత్రం ఒంటరిగా విడువరాదు.

కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవారందరూ శిక్షణ పొందినవారు కారు. క్రైస్తవుడైనంత మాత్రాన అర్హత రాదు. విశ్వాసాన్ని హేళన చేసేవారూ తగరు. ఎక్కడ శిక్షణ పొందారు, విన్నది గోప్యంగా ఉంచుతారా, ఫీజు ఎంత అని ముందుగా అడగడం అవిశ్వాసం కాదు, వివేకం.

పంపడమంటే వదలివేయడం కాదు. "మందులు మాని ప్రార్థించు" అని చెప్పక, మందులు వాడుతున్న విశ్వాసి ఇంటికి వెళ్లి అతనితో కూర్చొని ప్రార్థిద్దాం. ఆ పని వైద్యుడు చేయలేడు, అది మనది.