పేలుడును లోపలే ఆపే మూత

సింగరేణి భూగర్భ గనుల్లో మోటార్లకు కరెంటు అందించే స్విచ్ పెట్టెలు మొరటుగా కనిపిస్తాయి. మందపాటి లోహం, మూత చుట్టూ వరసగా బోల్టులు. బొగ్గు పొరల్లోంచి వచ్చే మీథేన్ లోపలికి పోకుండా అంత గట్టిగా బిగించారేమో అనిపిస్తుంది. కాదు. మీథేన్ ఎలాగూ లోపలికి చేరుతుంది, స్విచ్ వేసినప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు పేలుతుంది అని ముందే ఒప్పుకుని చేసిన పెట్టె అది. పేరు ఫ్లేమ్‌ప్రూఫ్.

గాలిలో 5 నుంచి 15 శాతం ఉన్న మీథేన్ అంటుకుంటుంది. అది పెట్టెలో పేలితే ఒత్తిడి ఏడెనిమిది రెట్లవుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మూతను అది దాదాపు 14 టన్నుల బలంతో తోస్తుంది. మండిన వాయువు మూతకూ అంచుకూ మధ్య సన్నని సందులోంచే బయటపడాలి. దారిలో రెండువైపుల లోహం దాని వేడిని లాగేస్తుంది. బయటికొచ్చేసరికి గనిలోని మీథేన్‌ను అంటించే సత్తా దానికి ఉండదు. 1815లో హంఫ్రీ డేవీ దీపం చుట్టూ సన్నని తీగల వల చుట్టి గని కార్మికుల్ని కాపాడింది కూడా ఈ సూత్రంతోనే.

సందు ఎంత ఉండొచ్చు? ప్రయోగశాలలో మీథేన్‌కు తేలిన హద్దు 1.14 మిల్లీమీటర్లు. గని పెట్టెలకు సాధారణంగా అందులో సగం కూడా ఇవ్వరు. అందుకే ఒక్క బోల్టు లేకపోయినా కథ మారుతుంది: పేలినప్పుడు అక్కడ మూత కొద్దిగా వంగి సందు విచ్చుకుంటుంది. మంచి మనసుతో చేసే పొరపాట్లే ఎక్కువ ప్రమాదకరం. నీళ్లు రాకూడదని అంచుల మధ్య సొంతంగా రబ్బరు ముక్క పెడితే, అది కాలిపోయాక మిగిలే సందు నిప్పుకు బాట. తుప్పు పట్టకూడదని అంచుకు రంగు పూసినా అంతే, మూత సరిగా కూర్చోదు.

అన్నింటికన్నా మాయదారిది పొడుగు బోల్టు. బోల్టు రంధ్రం పెట్టెలోకి దూసుకుపోకుండా అడుగు మూసి ఉంటుంది. పొడుగు బోల్టు అడుగుకు తగిలి ఆగితే చేతికి బిగిసినట్టే తెలుస్తుంది, మూత మాత్రం వదులుగానే ఉంటుంది. అందుకే బిగించాక ఫీలర్ గేజ్ రేకును అంచు చుట్టూ దూర్చి చూస్తారు. అనుమతించినదానికంటే మందమైన రేకు దూరిందంటే, కరెంటు తీసే ఉంచి మూత మళ్లీ విప్పాల్సిందే.