వార్తల్లో పదం: ఫిక్స్‌డ్ హైట్ సర్వీస్

బ్యాడ్మింటన్‌లో సర్వీస్ చేసేటప్పుడు, రాకెట్ తగిలే క్షణానికి షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలి. ఇదే ఫిక్స్‌డ్ హైట్ సర్వీస్. దాటితే ఫాల్ట్, పాయింట్ అవతలివాళ్లకు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి ఆడే డబుల్స్‌లో ఈ నియమానికి విలువ మరీ ఎక్కువ. అక్కడ చాలా పాయింట్లు సర్వీస్ దగ్గరే మలుపు తిరుగుతాయి.

పాత నియమానికి నడుమే కొలత. నడుమంటే చివరి పక్కటెముక దిగువ అంచు ఎత్తట! చొక్కా మీంచి దాన్ని కనిపెట్టడం ఏ జడ్జి తరం? పైగా మనిషి మారితే హద్దు మారేది. అందుకే ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2018లో కొత్త కొలతను ప్రయోగించి, తర్వాత ఖాయం చేసింది. సర్వీస్ జడ్జి ముందు గీతలున్న పారదర్శక పలకలు నిలబెడతారు. వాటిలోంచి చూసి ఆయన తీర్పు చెబుతాడు.

అందరికీ ఒకే గీత అన్నది ఒక వాదన, పొడగరులకు ఇబ్బంది అన్నది మరో వాదన. కొలత స్థిరమే గానీ చూసేది మాత్రం మనిషి కన్ను. షటిల్ లోపల పడిందా, బయట పడిందా అన్నదాన్ని ఆటగాళ్లు వీడియో సాయంతో సవాలు చేయొచ్చు. సర్వీస్ ఫాల్ట్‌కు ఆ వెసులుబాటు లేదు.