సూర్యుణ్నే ప్లగ్ పాయింట్‌గా వాడుకుంటే?

కోడ్ రన్ చేస్తే ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతుంది? అది తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి కాబట్టి. ఇప్పుడు ఆ కరెంటు మొత్తం సూర్యుడి నుంచే తీసుకునే కంప్యూటర్‌ని ఊహించుకోండి. దాని పేరు మాట్రియోష్కా బ్రెయిన్.

నక్షత్రం చుట్టూ దాని శక్తిని పట్టుకునే నిర్మాణాలు ఉండొచ్చని 1960లో ఫ్రీమన్ డైసన్ రాశారు. 1990లలో రాబర్ట్ బ్రాడ్‌బరీ ఆ ఆలోచనని కంప్యూటర్ వైపు తిప్పారు. రష్యన్ బొమ్మలో బొమ్మ ఉన్నట్టు, ఇందులో పొర మీద పొర. లోపలి పొర సూర్యకాంతితో పనిచేసి వేడిని వదుల్తుంది, ఆ వేడితో పై పొర నడుస్తుంది.

పై పొరలు చల్లగా ఉండటం లాభమే. ఒక బిట్‌ని చెరిపేయడానికి కావాల్సిన కనీస శక్తి ఉష్ణోగ్రతని బట్టి ఉంటుందని 1961లో రోల్ఫ్ లాండౌవర్ చూపించారు. చల్లగా ఉంటే అదే శక్తితో ఎక్కువ లెక్కలు చేయొచ్చు.

కానీ చిక్కు ఇక్కడే ఉంది. కెల్విన్‌లలో ఉష్ణోగ్రత సగం కావాలంటే పొర వ్యాసార్థం 4 రెట్లు పెరగాలి. భూకక్ష్యంత పొరలో ఈ చివర నుంచి ఆ చివరకి కాంతి వెళ్లడానికే 16 నిమిషాలు దాటుతుంది. దానికి 4 రెట్లయితే గంట పైనే. గేమ్‌లో 200 మిల్లీసెకన్ల పింగ్‌కే మనం తిట్టుకుంటాం!

అందుకే నా దృష్టిలో అది ఒకే మెదడు కాదు, ఉత్తరాలు రాసుకునే వేల ఊళ్లు. డేటాని పని జరిగే చోటికి దగ్గరగా పెట్టమని క్యాష్ పాఠంలో చదివాం కదా, సూర్యుడంత కరెంటున్నా ఆ రూల్ మారదు.