గుర్తు వేసే ఎంజైములు – మెదడు కంతి

గత నెల సమావేశంలో ఒక సభ్యురాలు వార్తాపత్రిక ముక్క ఒకటి మా చేతికిచ్చారు. మెదడు కంతి పెరగడానికి తోడ్పడే ఎంజైమును ఎలుకల్లో అణచగలిగారని వార్త. అంచున పెన్సిలుతో "గుంటూరులో నాన్నగారికి ఈ మందు పంపగలమా?" అని రాసి ఉంది. ఆయనకు గ్లియోబ్లాస్టోమా. మన సంఘంలోని డాక్టర్లను అడిగి, మాకు అర్థమైనంత రాస్తున్నాము.

మన కణాల్లో ప్రోటీనులు నిత్యం తయారవుతూ, పని తీరగానే కూలిపోతూ ఉంటాయి. కూల్చవలసినదానికి ముందుగా ఒక గుర్తు పడుతుంది. మన ఊళ్లలో రోడ్డు వెడల్పు చేసేముందు కొట్టెయ్యాల్సిన చెట్లకు రంగుతో అంకె వేస్తారే, అలాగ. ఆ గుర్తు పేరు యుబిక్విటిన్. గుర్తు వేసే ఎంజైములు వందల రకాలు, చెరిపేవి సుమారు వంద. గుర్తుపడ్డదాన్ని ప్రోటియసోమ్ ముక్కలు చేస్తుంది. ఈ ఏర్పాటును బయటపెట్టిన సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

కంతి ఈ ఏర్పాటునే తనకు అనువుగా తిప్పుకుంటుంది. పి53 అనే ప్రోటీను చెడిన కణాన్ని పెరగనివ్వదు. దానికి గుర్తు వేసేది ఎండిఎం2. కొన్ని గ్లియోబ్లాస్టోమాలలో ఎండిఎం2 మోతాదు మించి తయారై, ఆ కాపలాదారునే కూలగొట్టిస్తుంది. చెరిపే ఎంజైములేమో కంతిని పెంచే ప్రోటీనుల గుర్తులు తుడిచి, వాటి ఆయుష్షు పొడిగిస్తాయి.

మరి ప్రోటియసోమ్‌నే ఆపేస్తే? బోర్టెజోమిబ్ చేసేది అదే. మల్టిపుల్ మైలోమాకు 2003లో అమెరికాలో అనుమతి పొందింది. కాని మెదడులోకి సరిగా చేరదు. చేరగల మారిజోమిబ్‌ను 700 మందికి పైగా గ్లియోబ్లాస్టోమా రోగులతో పరీక్షించి, 2021లో ఫలితం చెప్పారు: ఆయుష్షు పెరగలేదు. పైగా కొందరికి భ్రమలు, నడకలో తూలు. ఈ మాట రాయడానికి మాకు చేయి ఆడలేదు.

కనుక పంపడానికి ఆ మందు లేదు. శస్త్రచికిత్సలో తీసిన ముక్కకు ఎంజిఎంటి పరీక్ష చేశారా అని మాత్రం అడగమన్నాము. టెమోజొలొమైడ్ మాత్రలు కంతికి చేసే దెబ్బను మరమ్మతు చేసే ఎంజైము అది. ఒక్కసారి మరమ్మతు చేశాక దానికీ ఈ గుర్తే పడి కూలిపోతుంది! ఆ జన్యువు మూతపడి ఉంటే మాత్రలు ఎక్కువ మేలు చేస్తాయి.

ఆవిడ ఆ రాత్రే గుంటూరుకు ఫోను చేశారు. ముక్క ఆస్పత్రిలో భద్రంగానే ఉందట. పరీక్షకు పంపుతున్నారు.