కణం ఎలా మరణించిందో రక్తం చెబుతుంది

చంద్రబండ పరిసర గ్రామాలలో ఎవరికైనా ఛాతీలో నొప్పి వచ్చి రాయచూరుకో, గద్వాలకో తీసుకువెళితే, వైద్యులు ఇ.సి.జి.తో పాటు 'ట్రోపోనిన్' అనే రక్తపరీక్షను కూడా సాధారణంగా చేయిస్తారు. అది బాగానే ఉన్నదనగానే ఇంటికి బయలుదేరాలనిపించడం సహజం. ఆ పరీక్ష దేనిని వెదుకుతుందో తెలిస్తే అంత తొందరపడరు. అది వెదికేది గుండె కండరంలో మరణించిన కణాల ఆనవాలును.

కణాలు మరణించడం శరీరానికి నిత్యకృత్యమే. గర్భస్థ శిశువు చేతివేళ్లు మొదట అతుక్కుని ఉంటాయి. మధ్యనున్న కణాలు క్రమపద్ధతిలో మరణించడం వల్లనే అవి విడివడతాయి. ఇటువంటి మరణానికి 1972లో కెర్, వైలీ, కర్రీ అనే శాస్త్రజ్ఞులు 'అపాప్టోసిస్' అని పేరు పెట్టారు. చెట్టు నుండి ఆకు రాలడమని ఆ గ్రీకు మాటకు అర్థం. కణం కుంచించుకుపోయి చిన్నచిన్న పొట్లాలుగా విడిపోతుంది. ఇరుగుపొరుగు కణాలు వాటిని మింగివేస్తాయి. వాపు ఉండదు. ఈ పనిని నడిపించే 'కాస్పేజ్' ఎంజైములే ప్రయోగశాలలో దీనికి గుర్తు.

'నెక్రోసిస్' అలా కాదు. నెత్తురు అందకనో, విషం వల్లనో కణం ఉబ్బి పగిలి, లోపలి పదార్థమంతా బయటకు చిందుతుంది. గుండె కణాల నుండి ట్రోపోనిన్, కాలేయ కణాల నుండి ఎ.ఎల్.టి., కొన్ని పాముల విషం సోకిన కండరం నుండి క్రియేటిన్ కైనేజ్ రక్తంలోకి చేరతాయి. 2012లో పేరు పొందిన 'ఫెరాప్టోసిస్' వంటి మరికొన్ని మరణరీతులూ ఉన్నాయి గాని, వాటి పరీక్షలు ఇంకా పరిశోధనశాలలు దాటి పెద్దగా రాలేదు.

ఇక్కడ మన తెలుగువాడొకరిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను గుర్తించారు. క్రియేటిన్ కైనేజ్ పనిచేసేది దానిమీదనే. ట్రోపోనిన్ పరీక్ష రాకముందు గుండెపోటును నిర్ధారించడానికి ఆ ఎంజైమునే కొలిచేవారు. 1929లో వారు కండరంలో గుర్తించిన ఎ.టి.పి. కణానికి ఇంధనం వంటిది. అది మిగిలి ఉంటేనే కణం క్రమంగా రాలిపోగలదు. పూర్తిగా హరించుకుపోతే పగిలిపోతుంది.

పగిలిన కణాల ట్రోపోనిన్ రక్తంలో కనిపించేంతగా పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. అందువల్ల నొప్పి మొదలైన వెంటనే చేసిన పరీక్షలో ఏమీ తేలకపోయినా, వైద్యులు కొద్ది గంటల తరువాత మరల రక్తం తీస్తారు. మూత్రపిండాల జబ్బులోనూ ఇది పెరగవచ్చు కనుక, అంకె ఎంత మారిందన్నది వారికి ముఖ్యం. ఇ.సి.జి.లో రక్తనాళం మూసుకుపోయినట్లు స్పష్టంగా కనిపిస్తే మాత్రం ఈ ఫలితం కోసం ఆగరు, చికిత్స మొదలుపెడతారు. నొప్పి ఎన్ని గంటలకు మొదలైనదో చీటీ మీద వ్రాసుకుని వెళ్లండి. వైద్యుడు మొదట అడిగే ప్రశ్నలలో అది ఒకటి.