రెండు పడవల ప్రయాణం

ఒకరి కోసం రాసిచ్చిన సాఫ్ట్‌వేర్‌కి డబ్బు ఒక్కసారే వస్తుంది. అదే సొంతంగా తయారుచేసి పదిమందికీ అమ్మితే... నెలనెలా వస్తుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరేదాకా ఇల్లు గడిచేదెలా? ఆ ఏరు దాటినవాళ్ల కథల్లో ఉంది జవాబు.

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. హాల్లో ఓ మూల మాత్రం ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంది. ఇక్కడ నడిరాత్రి అవుతుంటే అమెరికాలో పట్టపగలు మరి! అక్కడి క్లయింటు నిద్రలేచి పనిలో పడ్డాకే ఇక్కడి ఫ్రీలాన్సర్‌కి అసలు పని మొదలవుతుంది. హైదరాబాద్‌లోనే కాదు, విజయవాడ, విశాఖ, వరంగల్‌లలోనూ ఇప్పుడిలాంటి ఇళ్లు చాలానే కనిపిస్తాయి.

ఆఫీసుకు వెళ్లక్కర్లేదు, పైఅధికారి లేడు, డాలర్లలో సంపాదన. బయటివాళ్లకు అంతా హాయిగానే కనిపిస్తుంది. వారం రోజులు జ్వరమొస్తే తెలుస్తుంది అసలు సంగతి. ఆ వారం పని ఉండదు కాబట్టి డబ్బూ ఉండదు. ప్రాజెక్టు అయిపోయిన మర్నాడే మరొకటి వెతుక్కోవాలి. పోనీ బాగా సంపాదిద్దామంటే రోజుకున్నవి ఇరవైనాలుగు గంటలే. అందుకే ఫ్రీలాన్సర్లలో చాలామందికి ఏదో ఒకరోజు ఓ ఆలోచన వస్తుంది. ‘ఎవరెవరికో ఎన్నో చేసిపెట్టాను, నాకంటూ ఒక్కటి చేసుకుంటే!’ అని.

అక్కడే వస్తుంది చిక్కు. సొంత సాఫ్ట్‌వేర్ మీద కూర్చుంటే క్లయింటు పని ఆగిపోతుంది. క్లయింటు పని చేస్తుంటే సొంతదానికి సమయం చిక్కదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలు ఊరికే అన్నారా? తమాషా ఏంటంటే... ఈ ప్రయాణంలో గెలిచిన చాలామంది ఏళ్ల తరబడి రెండు పడవల మీదే నడిచారు!

ఆరేళ్లు అటూ ఇటూ...

అమెరికాలోని అట్లాంటాకు చెందిన బెన్ చెస్ట్‌నట్, డాన్ కర్జియస్‌ల కథే చూడండి. ఉద్యోగాలు పోయాక 2000లో ఇద్దరూ కలిసి వెబ్‌సైట్లు తయారుచేసిచ్చే చిన్న సంస్థ పెట్టుకున్నారు. క్లయింట్లలో చాలామంది ‘మా కస్టమర్లందరికీ ఒకేసారి ఈమెయిళ్లు పంపాలి, కాస్త చేసిపెట్టండి’ అని అడిగేవారు. ప్రతి ఒక్కరికీ కూర్చుని చేసిపెట్టడం విసుగొచ్చే పని. అప్పటికే, ఆన్‌లైన్ గ్రీటింగ్ కార్డుల కోసం మొదలుపెట్టి నడవక వదిలేసిన కోడ్ ఒకటి వాళ్ల దగ్గర మూలన పడుంది. దాన్నే దులిపి, క్లయింట్లే సొంతంగా ఈమెయిళ్లు పంపుకునే సాధనంగా మార్చారు. అలా 2001లో పుట్టిందే మెయిల్‌చింప్.

అంతటితో వాళ్లేమీ వెబ్‌సైట్ల పని మానేయలేదు. ఇల్లు గడవడానికి క్లయింట్ల పని, పక్కన మెయిల్‌చింప్. చిన్నచిన్న వ్యాపారులు తమంతట తామే వచ్చి దాన్ని వాడుకుంటున్నారనీ, ఆ రాబడి పెరుగుతోందనీ నమ్మకం కుదిరాక 2007లో వెబ్‌సైట్ల పనికి స్వస్తి చెప్పారు. అంటే ఆరేళ్లు పట్టింది! 2009లో కొంత వాడకానికి ఉచితమని ప్రకటించాక వాడేవాళ్లు ఇబ్బడిముబ్బడిగా పెరిగారు. బయటి పెట్టుబడి పైసా తీసుకోకుండా పెంచిన ఆ సంస్థను ఇన్‌ట్యూట్ కంపెనీ దాదాపు 1,200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2021లో ప్రకటించింది. ఆ అంకె చూసి అందరూ నోరెళ్లబెట్టారు. నిజానికి చూడాల్సింది ఆ ముందరి ఆరేళ్లని.

వారానికి పది గంటలే

షికాగోలో 1999లో మొదలైన 37సిగ్నల్స్ కూడా మొదట వెబ్‌సైట్లు డిజైన్ చేసిచ్చే సంస్థే. క్లయింట్లు పెరిగేకొద్దీ ఎవరికి ఏం చెప్పారో, ఏది ఎంతవరకు వచ్చిందో ఈమెయిళ్లలో వెతుక్కోలేక సతమతమయ్యారు. తమ కోసమే ఓ సాఫ్ట్‌వేర్ తయారుచేసుకోవాలనుకున్నారు. కోడ్ రాసింది డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్. అప్పటికతను కోపెన్‌హాగన్‌లో చదువుకుంటున్న విద్యార్థి. ఈ పనికి అతను కేటాయించింది వారానికి పది గంటలు మాత్రమే! సమయం తక్కువ కాబట్టి అవసరమైనవే చేశారు, మిగిలినవన్నీ పక్కన పెట్టారు. అది చూసిన క్లయింట్లు ‘ఇదేదో బాగుందే, మాకూ కావాలి’ అన్నారు. దాంతో ‘బేస్‌క్యాంప్’ పేరుతో 2004 ఫిబ్రవరిలో అమ్మకానికి పెట్టారు.

ఏడాది తిరిగేసరికి నెలకు ఐదువేల డాలర్లు వస్తే చాలనుకున్నారట జేసన్ ఫ్రైడ్ బృందం. ఆరువారాల్లోనే వచ్చేశాయి. ఏడాది గడిచేసరికి డిజైన్ పని మీద వచ్చేదానికన్నా దీని మీద వచ్చేదే ఎక్కువైంది. అప్పుడుగానీ క్లయింట్ల పని ఆపలేదు. ఆ సాఫ్ట్‌వేర్ నుంచి విడదీసి అందరికీ ఉచితంగా ఇచ్చిన ‘రూబీ ఆన్ రైల్స్’ మీద ఆ తర్వాత ప్రపంచవ్యాప్తంగా ఎన్నో వెబ్‌సైట్లు తయారయ్యాయి.

అందరికీ ఆరువారాల్లో కాసులు రాలవు. కెనడాలోని టొరంటోలో చిన్న డిజైన్ సంస్థ నడిపే మైక్ మెక్‌డెర్మెంట్ 2003లో ఓరోజు క్లయింటుకి బిల్లు తయారుచేస్తూ పొరపాటున పాత బిల్లు ఫైలు మీదే కొత్తది సేవ్ చేసేశాడు. పాతది పోయింది! ఆ చిరాకులోంచి పుట్టిందే బిల్లుల సాఫ్ట్‌వేర్ ‘ఫ్రెష్‌బుక్స్’. రెండేళ్లు గడిచాక డబ్బు కట్టి వాడుతున్నవాళ్లు పదిమందే. మూడున్నరేళ్లపాటు తల్లిదండ్రుల ఇంటి కింది గదిలోంచే కంపెనీ నడిచింది. కొడుకును ‘ఇంకెన్నాళ్లురా’ అనకుండా ఆ గది ఇచ్చిన అమ్మానాన్నలకీ ఆ విజయంలో వాటా ఉన్నట్టే కదా.

నొప్పి మనదైతేనే...

ఈ మూడు కథల్లోనూ ఒక పోలిక ఉంది. ఎవరూ ‘ఏం తయారుచేస్తే కోట్లొస్తాయి’ అని ఆలోచించలేదు. క్లయింట్ల పని చేస్తుంటే తమకు ఎదురైన ఇబ్బందికే మందు కనిపెట్టుకున్నారు. అదే ఇబ్బంది మరో వెయ్యిమందికీ ఉందని తర్వాత తెలిసింది.

మన దేశంలో ఇందుకు మంచి ఉదాహరణ టాలీ. మందుల దుకాణం నుంచి ఆడిటరు ఆఫీసు దాకా తెలుగు ఊళ్లలోనూ తెలియనివాళ్లు లేని పేరది. మిల్లులకు ముడిసరకు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసే శ్యాంసుందర్ గోయెంకాకు తన లెక్కలు చూసుకోవడానికి సరైన సాఫ్ట్‌వేర్ దొరకలేదు. కొడుకు భరత్ గోయెంకాను నువ్వే రాయమన్నాడు. అలా 1986లో బెంగళూరులో మొదలైంది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ దక్కింది. వాళ్లు ఫ్రీలాన్సర్లు కాకపోయినా సూత్రం అదే. లెక్కలతో తలనొప్పి పడ్డవాడికే ఆ తలనొప్పికి మందు ఎలా ఉండాలో తెలుస్తుంది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ మాటకు విలువ ఇంకా పెరిగింది. కోడ్ రాయడం ఇదివరకటంత కష్టం కాదిప్పుడు. ఎవరికి ఎక్కడ ఇబ్బందిగా ఉందో, దేనికైతే డబ్బు కడతారో తెలుసుకోవడమే కష్టం. ఏళ్ల తరబడి క్లయింట్లతో మాట్లాడిన ఫ్రీలాన్సర్ దగ్గరున్న అసలు పెట్టుబడి అదే.

చిల్లు కుండ లెక్క

సరే, సాఫ్ట్‌వేర్ తయారైంది. ఎంతమంది కొంటే ఇల్లు గడుస్తుంది? ఓ చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు వెయ్యి రూపాయల చొప్పున నెలకు 120 గంటలు పనిచేస్తే ఫ్రీలాన్సర్‌కి వచ్చేది 1,20,000 రూపాయలు. నెలకు 500 రూపాయల చందా పెట్టి సొంత సాఫ్ట్‌వేర్ మీద అంతే రావాలంటే 240 మంది కావాలి. సర్వర్ల అద్దె, చెల్లింపుల రుసుములు, పన్నులు దీనికి అదనం.

‘ఓస్, 240 మందేగా’ అనిపిస్తుంది. కానీ చేరినవాళ్లంతా ఉండిపోరు. నెలకు పదిమంది కొత్తగా చేరుతున్నారనీ, ఉన్నవాళ్లలో నూటికి ఐదుగురు మానేస్తున్నారనీ అనుకుందాం. అప్పుడు ఎన్నేళ్లు గడిచినా ఆ సంఖ్య 200 దాటదు! ఎందుకంటే 200 మందికి చేరేసరికి నెలకు వెళ్లేవాళ్లూ పదిమందే అవుతారు. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టన్నమాట. అందుకే అనుభవజ్ఞులు కొత్తవాళ్లను తేవడం ఎంత ముఖ్యమో, ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారో కనుక్కోవడమూ అంతే ముఖ్యమంటారు. ఒక్క క్లయింటుకి జవాబు చెప్పుకునే పనిలోంచి బయటపడినవాడు, ఇక్కడ 240 మందికి జవాబు చెప్పుకోవాలి మరి.

కాగితం మీద ఏముంది?

పడవ దాటేముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది... ఒప్పంద పత్రం. క్లయింటు కోసం రాసిన కోడ్‌నే కాస్త మార్చి సొంతానికి వాడుకుంటానంటే చాలాచోట్ల కుదరదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేకపోతే ఉద్యోగి విధుల్లో భాగంగా రాసినదానికి యజమాని సంస్థే హక్కుదారు. ఫ్రీలాన్సర్ విషయంలో ఏం రాసుకున్నారన్నది కీలకం. హక్కులన్నీ క్లయింటువేనని చాలా ఒప్పందాల్లో ముందే ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ ఒక్క పేరా చదవాలి.

ఆ పేరా విలువ ఎంతో చెప్పే కథ ఒకటుంది. 1980లో ఐబీఎం తన కొత్త కంప్యూటర్ కోసం ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని చిన్న సంస్థ అయిన మైక్రోసాఫ్ట్‌ని అడిగింది. మైక్రోసాఫ్ట్ దగ్గర అది లేదు. సియాటెల్ ప్రాంతంలోని మరో సంస్థ నుంచి కొని, మెరుగులు దిద్ది ఇచ్చింది. ఇస్తూనే... ఇతర కంపెనీలకూ అమ్ముకునే హక్కు తన దగ్గరే ఉంచుకుంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చింది. దాన్ని చూసి మిగతా కంపెనీలూ అలాంటి కంప్యూటర్లు తయారుచేయడం మొదలెట్టాక, వాటికీ మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేరే కావాల్సి వచ్చింది. ఆ హక్కు వదులుకుని ఉంటే అది ఒక్క క్లయింటుకి చేసిపెట్టిన ఒక్క పనిగా మిగిలిపోయేది.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి

ఇది ఒక్కరి నిర్ణయం కాదు. ఇంటి అద్దెకీ, పిల్లల ఫీజులకీ, అమ్మానాన్నల మందులకీ ముడిపడిన విషయం. అందుకే మొదలుపెట్టేముందే ఇంట్లోవాళ్లతో కలిసి కొన్ని లెక్కలు రాసుకోవాలి. రాబడి ఏమీ లేకపోయినా ఎన్ని నెలలు గడుస్తుంది? వారంలో ఏ రోజులు క్లయింటువి, ఏ రోజులు సొంతానివి? ఏ తేదీకి ఎంతమంది డబ్బు కట్టి వాడుతుంటే ముందుకెళ్లాలి, లేకపోతే ఎప్పుడు ఆపేయాలి? ఆపేసే తేదీ ముందే రాసుకుంటే ఓటమి అనిపించదు, ఒప్పందం అనిపిస్తుంది. పైగా నేర్చుకున్నదెక్కడికీ పోదు. నడవని గ్రీటింగ్ కార్డుల కోడే కదా మెయిల్‌చింప్ అయింది!

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దన్న పెద్దల మాట తప్పేం కాదు. ఎప్పటికీ అలాగే నిలబడితే ఎవరైనా నీళ్లలో పడాల్సిందే. ఈదురుగాలికి తట్టుకుంటుందని రెండో పడవ రుజువు చేసుకునేదాకా మొదటి పడవను వదలకపోవడం, రుజువయ్యాక మాత్రం వెనక్కి చూడకుండా కాలు తీసేయడం... అదే ఏరు దాటినవాళ్లు చేసిన పని!