గోదావరి గట్టున నేర్చుకోదగిన పాఠం

భూమిపై సంచరించి సృష్టిని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ మానవులకు బోధిస్తుంది. సెలవు దినాల్లో పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలా అని ఆలోచించే తల్లిదండ్రులు ఈ బోధనను గుర్తుంచుకోవాలి. అడ్డతీగల వంటి మన్యం ఊళ్లలోని కుటుంబాలు ఒక్కరోజులో చూసి రాదగిన చోటు రాజమహేంద్రవరపు గోదావరి తీరం. ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరి, గోకవరం మీదుగా కొండలు దిగితే ఎండ ముదరక ముందే గట్టుకు చేరుకోవచ్చు.

ఒకసారి మేము మా విద్యార్థులతో అలాగే వెళ్లాము. వారిలో పలువురు వేసవిలో బిందెడు నీటి కోసం గెడ్డ దాకా నడిచే ఇళ్ల పిల్లలు. పుష్కర ఘాటు మెట్ల మీద నిలబడి ఆ నీటి విస్తారాన్ని చూసి వారు కాసేపు మాట్లాడలేదు. ఎదురుగా 1900లో రైళ్లకు తెరచిన హేవలాక్ వంతెన. 1997లో దానికి విశ్రాంతినిచ్చారు. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన, దాని తరువాత వచ్చిన కమాను వంతెన కూడా గట్టు వెంట నడుస్తూ చూడవచ్చు. ఘాట్లు మన హైందవ సోదరులు స్నానాలకు, పూజలకు వచ్చే చోట్లు. వారికి ఇబ్బంది కలగకుండా మసలుకోవడం మన మర్యాద.

అక్కడే ఒక విద్యార్థి మమ్మల్ని అడిగాడు: “ఉస్తాద్, ఇన్ని నీళ్లుండగా వుజూకు పొదుపెందుకండీ?”

మేము వెంటనే జవాబు చెప్పలేదు. జుహ్ర్ వేళకు నగరంలోని ప్రాచీన మస్జిదుకు వెళ్లాము. గియాసుద్దీన్ తుగ్లక్ కాలంలో, హిజ్రీ 724 రమజాను మాసంలో, అంటే 1324లో, సాలార్ ఉల్వీ దానిని నిర్మించినట్లు అక్కడి ఫార్సీ శాసనం తెలుపుతుంది. ఏడు వందల సంవత్సరాలకు పూర్వమే ఈ నదీతీర నగరంలో మన పూర్వీకులు సజ్దా చేశారని పిల్లలకు చెప్పాము. కుటుంబంతో వెళ్లేవారు స్త్రీలకు నమాజు వసతి గురించి ముందుగా విచారించుకోవడం మంచిది.

వుజూ చేసుకుంటుండగా దైవప్రవక్త (స) వారి ఉల్లేఖనాన్ని గుర్తు చేశాము. ప్రవహించే నది ఒడ్డున ఉన్నప్పటికీ వుజూలో దుబారా తగదని వారు సహచరులు సఅద్ (రజి) గారికి హితవు చెప్పినట్లు ఇబ్నె మాజాలో ఉంది. వారు స్వయంగా ఒక ముద్ద్ నీటితో, అంటే ఇంచుమించు లీటరుకు లోపే, వుజూ పూర్తి చేసేవారు.

మిగిలిన జవాబు ధవళేశ్వరంలో దొరికింది. నగరానికి దిగువన కొద్ది దూరంలోనే ఉన్న ఈ ఊరి వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసింది. వీణం వీరన్న గారు ఆయనకు కుడిభుజంగా నిలిచారు. నేడున్న బ్యారేజీ తరువాతి కాలపు నిర్మాణం. కాటన్ మ్యూజియంలో ఆ చరిత్రను చూడవచ్చు. ఆనకట్టకు ముందు కూడా గోదావరి నిండుగానే పారింది. అయినా 1833 కరువులో ఈ డెల్టా ప్రజలు ఆకలితో అల్లాడారు. నీరు సముద్రం పాలైంది. నీటికి అదుపు, పంపకం ఏర్పడిన తరువాతనే పొలాలు పండాయి. “సమృద్ధి ఉన్నా లెక్క లేకపోతే అది నీ పక్కవాడికి అందదు, నాయనా” అని ఆ విద్యార్థికి చెప్పాము. అతడు తల ఊపాడు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. వర్షాకాలంలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. ఆ రోజుల్లో పిల్లలను మెట్లు దిగనివ్వరాదు. పాపికొండలకు పడవ మీద వెళ్లేవారు 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద మునిగిన పడవను మరువరాదు. లైఫ్ జాకెట్టు తొడుక్కోనిదే పడవ ఎక్కవద్దు. ఒంటెను కట్టివేసి, ఆ పిమ్మట అల్లాహ్ పై భారం వేయమన్నదే మన ప్రవక్త (స) నేర్పిన తవక్కుల్.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో అస్ర్ నమాజుకు ఆగినచోట, ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడు కుళాయి సన్నగా తిప్పి వుజూ చేసుకోవడం చూశాము. మీ ఇంటి పిల్లలను కూడా ఒకసారి ఆ గట్టుకు తీసుకువెళ్లండి. తిరిగి వచ్చాక మీ ఇంటి కుళాయి ఎంత తిప్పుతున్నారో గమనించండి.